లాక్ చెకర్ రాసే ముందు తేల్చుకోవాల్సింది: గ్రాఫ్‌లో నోడ్ అంటే ఏది?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో పెడతాను, తేడా ఉంటే చెప్పండి. ఎంఐటీ వాళ్ళు పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 (రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ వెర్షన్) మీద, లాక్‌లు తీసుకునే వరసలో తప్పులు పట్టే లైనక్స్ లాక్‌డెప్ లాంటి చెకర్ ప్రాజెక్టుగా రాస్తున్నారు. లాక్ అంటే ఒక డేటాని ఒకసారికి ఒక్కరే ముట్టుకునేలా కాపాడే తాళం. ప్రతి లాక్ గ్రాఫ్‌లో ఒక నోడ్. ఒకటి చేతిలో ఉండగా ఇంకోటి తీసుకుంటే రెంటి మధ్య ఎడ్జ్. వీటన్నిటికీ మెమరీ కేఅలాక్ (కెర్నెల్‌లో మెమరీ పంచే ఫంక్షన్) నుంచి. లాక్ తీసుకున్న ప్రతిసారీ రికర్సివ్ డీఎఫ్ఎస్‌తో (తనని తానే పిలుచుకుంటూ గ్రాఫ్‌లో లోతుకి వెళ్ళే వెతుకులాట) సైకిల్ వెతుకుతున్నారు. జరిగింది ఏమిటంటే, కెర్నెల్ బూట్‌లోనే చచ్చిపోయింది. స్టాటిక్ మెమరీ పెట్టి దాన్ని దాటిస్తే నత్తనడక. ప్రాసెస్‌కొక "చేతిలో ఉన్న లాక్‌ల" జాబితా పెడితే, "పట్టుకోని లాక్ వదిలారు" అని తెర నిండా మెసేజ్‌లు. వాటి నోరు మూయిస్తే, ఐపుట్‌లో (ఐనోడ్, అంటే ఫైల్ రికార్డు, మీద పట్టు వదిలే ఫంక్షన్) డెడ్‌లాక్ ఉందని రిపోర్టు. తప్పు చెకర్‌దా, ఎక్స్‌వీ6దా అని అడిగారు.

ఐపుట్ సంగతి కాసేపు ఆగండి. మిగతా గొడవల్లో సగం ఒకే నిర్ణయం నుంచి పుట్టాయి: లాక్‌ని నోడ్ చేయడం. నోడ్ లాక్ కాదు, లాక్ జాతి. లాక్‌డెప్‌లో దాన్ని లాక్ క్లాస్ అంటారు.

పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అంటారే, డెడ్‌లాక్ అంటే అచ్చంగా అదే. చెకర్ చేసే పని ఆ ముడి పడేదాకా కాచుకుని కూర్చోవడం కాదు. "ముందు ఇది, తర్వాత అది" అనే వరస ఒకచోట చూసి, ఉల్టా వరస ఇంకెక్కడో, ఎప్పుడో కనపడగానే అరవడం. రెండూ ఒకే క్షణంలో, రెండు సీపీయూల మీద తగులుకోనక్కర్లేదు. ఈ లాభం మొత్తం నోడ్ ఏదన్న దాని మీదే ఉంది. ఎక్స్‌వీ6 ప్రాసెస్ టేబుల్‌లో 64 ప్రాసెస్‌లు, ఒక్కోదానికీ దాని వివరాలని కాపాడే ఒక పీ-లాక్. "ఏ పీ-లాక్ కన్నా ముందైనా వెయిట్‌లాక్ పట్టుకోవాలి" అని ఆ టేబుల్ ఉన్న ఫైల్లో కామెంటే ఉంది (వెయిట్‌లాక్ కాపాడేది ఏ ప్రాసెస్‌కి తండ్రి ఎవరన్న సంబంధాన్ని). ఆ నియమం మూడో ప్రాసెస్ లాక్ గురించో, ఏడో దాని గురించో కాదు, మొత్తం జాతి గురించి. మీ గ్రాఫ్‌లో మాత్రం మూడో దానితో వచ్చిన వరస, ఏడో దానితో వచ్చిన ఉల్టా వరస ఎప్పటికీ కలవవు. ఒకే లాక్ రెండు వరసల్లోనూ పడితేనే మీ చెకర్‌కి తెలుస్తుంది. అంటే మళ్ళీ అదృష్టం మీదే ఆధారపడ్డారు.

లెక్క కూడా చూడండి. 64 పీ-లాక్‌లు, 50 ఐనోడ్లు, 30 బఫర్లు (మెమరీలోని డిస్క్ బ్లాక్ కాపీలు). ఐనోడ్‌కీ బఫర్‌కీ ఉండేది స్లీప్‌లాక్ (దొరకకపోతే ప్రాసెస్ నిద్రపోయేది), ఒక్కోదాని లోపల ఒక చిన్న స్పిన్‌లాక్ (దొరికేదాకా సీపీయూ అక్కడే తిరుగుతూ ఉండేది). అంటే 64కి 160 కలిపితే 224. ఇవి కాక విడి లాక్‌లు ఓ డజను, పైపులు పుట్టినప్పుడల్లా పుట్టేవి ఇంకొన్ని. జాతులుగా లెక్కేస్తే 20 దాటవు: ప్రాక్, వెయిట్‌లాక్, కేమెమ్, బీక్యాష్, బఫర్, ఐనోడ్, ఐటేబుల్, ఎఫ్‌టేబుల్, లాగ్, పైప్, కన్సోల్... అంతే. మన సంబంధాల్లో ఇంటిపేరు చూసినట్టే. మనిషెవరో తర్వాత, ముందు ఇంటిపేరు.

మరి ఏ లాక్ ఏ జాతిదో ఎలా తెలుస్తుంది? లాక్‌ని మొదట సిద్ధం చేసే ఇనిట్‌లాక్‌కి ఇచ్చే పేరు ఉంది కదా అనిపిస్తుంది. ఆ పేరు పాయింటర్‌ని తాళంచెవిగా వాడకండి. రెండు ఫైళ్ళలో ఒకే పేరుంటే లింకర్ రెంటినీ కలిపేయొచ్చు, కలపకపోవచ్చు. లైనక్స్ చేసే పని తేలిక: స్పిన్‌లాక్ ఇనిట్ అనేది ఫంక్షన్ కాదు, మాక్రో (రాసిన ప్రతిచోటా కోడ్‌గా పరుచుకునేది). దాని ఒళ్ళో ఒక స్టాటిక్ కీ వేరియబుల్ ఉంటుంది. కోడ్‌లో ఇనిట్ రాసిన చోటు ఒకటైతే కీ ఒకటి, దాని అడ్రసే జాతి గుర్తు. లూప్‌లో 64 సార్లు తిరిగినా కీ ఒకటే. పైపులోని లాక్ కేఅలాక్ పేజీలో పుట్టి పోతున్నా, కీ కెర్నెల్ డేటాలో కదలకుండా ఉంటుంది. అందుకే ఎక్స్‌వీ6లో జాతిని తొలగించే అవసరమే రాదు. లైనక్స్‌లో మాడ్యూల్ అన్‌లోడ్ అయితే కీ ఉన్న మెమరీయే పోతుంది కాబట్టి వాళ్ళకి ఆ తలనొప్పి ఉంది.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఇనిట్ స్లీప్‌లాక్ అనే రేపర్ ఫంక్షన్ లోపల ఆ మాక్రో పెట్టారనుకోండి, ఐనోడ్ లాక్‌లు, బఫర్ లాక్‌లు అన్నీ ఒకే జాతి అయిపోతాయి. ఐనోడ్ పట్టుకుని బఫర్ తీసుకోవడం ఫైల్ సిస్టమ్‌లో అడుగడుగునా జరిగేదే. మీ చెకర్ "సొంత జాతినే మళ్ళీ తీసుకుంటున్నారు" అని మొత్తుకుంటుంది. కాబట్టి స్లీప్‌లాక్ కీ రేపర్‌ని పిలిచిన చోట పుట్టి, లోపలికి ఆర్గ్యుమెంట్‌గా రావాలి. లోపలి చిన్న స్పిన్‌లాక్‌లు మాత్రం అన్నీ ఒకే జాతిగా ఉన్నా ఫర్వాలేదు. ఇనిట్ అయ్యాక జాతి నంబర్ని లాక్ స్ట్రక్చర్‌లోనే ఒక బైట్‌లో దాచేయండి. ప్రతిసారీ హ్యాష్‌లో వెతకడం దండగ.

జాతులు 20 అని తేలాక గ్రాఫ్ రూపం దానంతటదే తేలిపోతుంది. 64 జాతులు గరిష్ఠం అనుకోండి. ఒక్కో జాతికి ఒక 64 బిట్ల పదం, "నా కన్నా ముందు పట్టుకోగా చూసిన జాతులు" అని. పేరు 'ముందు' అందాం. 64 పదాలు, అంటే 512 బైట్లు. గ్రాఫ్ మొత్తం అంతే! అలాగే ఇప్పుడు చేతిలో ఉన్న జాతుల బిట్లు ఇంకో పదం, 'చేతిలో' అందాం. కొత్త లాక్ రాగానే 'చేతిలో' ఉన్న బిట్లలోంచి, కొత్త జాతి 'ముందు' పదంలో ఇప్పటికే ఉన్నవి తీసేయండి. ఏమీ మిగల్లేదా? ఈ వరసలన్నీ ఎప్పుడో తనిఖీ అయినవే, వెళ్ళిపోండి. గ్రాఫ్ తాళం (గ్రాఫ్‌నే కాపాడే లాక్) కూడా అక్కర్లేదు. ఈ బిట్లు వెలగడమే గానీ ఆరడం ఉండదు, 64 బిట్ల పదాన్ని రిస్క్-ఫైవ్ 64 ఒక్క లోడ్‌లో చదువుతుంది, పాతది చదివినా నష్టమల్లా ఒకసారి నెమ్మది దారిలోకి వెళ్ళడమే. బూట్ అయిన కాసేపటికి దాదాపు అన్ని లాక్‌లూ ఈ వేగం దారిలోనే పోతాయి. మీ నత్తనడకకి మందు ఇదే. వేగంగా వెతకడం కాదు, ఒకసారి చూసింది మళ్ళీ వెతక్కపోవడం.

ఏదైనా మిగిలితేనే గ్రాఫ్ తాళం తీసుకుని వెతకాలి. వెనక్కి వెతికితే ఈ ఒక్క మ్యాట్రిక్స్ చాలు. 'చేతిలో' ఉన్న బిట్లతో మొదలుపెట్టి, ఒక్కో జాతి 'ముందు' పదాన్ని కలుపుకుంటూ పోండి. దారిలో కొత్త జాతి బిట్ తగిలితే సైకిల్. ఏ నోడ్ ఏ నోడ్ నుంచి దొరికిందో రాసుకోవడానికి 64 బైట్ల స్టాటిక్ అర్రే పెడితే, రిపోర్టులో దారి మొత్తం చెప్పొచ్చు. రికర్షన్ లేదు, క్యూ కూడా లేదు.

ఇదే సలహా లైనక్స్‌కి చెప్పను. 2006లో ఇంగో మోల్నార్ రాసిన లాక్‌డెప్ 2.6.18లో వచ్చింది. ఇప్పుడు అందులో జాతుల పరిమితి 8192. అన్ని జాతులకీ బిట్ మ్యాట్రిక్స్ వేస్తే 8 ఎంబీ, 6.7 కోట్ల గళ్ళు. ఎడ్జ్‌ల పరిమితి మామూలుగా 32,768. గళ్ళన్నీ ఖాళీలే. అందుకే అక్కడ ప్రతి జాతికీ "నా ముందువి", "నా తర్వాతవి" అని రెండు లిస్టులు. వేగం దారి కూడా వేరు. చేతిలో ఉన్న జాతుల వరస మొత్తాన్ని కలిపి ఒక 64 బిట్ల రోలింగ్ హ్యాష్ చేస్తారు. ఆ విలువ హ్యాష్ టేబుల్‌లో ఉంటే ఆ వరస పాతదే, ఇంకేం చూడరు. సైకిల్ వెతకడం మొదట్లో రికర్సివ్‌గానే ఉండేది, 2009లో బీఎఫ్ఎస్‌కి (దగ్గరి నోడ్లని ముందు చూసే వెతుకులాట) మార్చారు. అందులో నాకు నచ్చిన చిన్న పనితనం ఒకటుంది. "ఈ నోడ్ చూశాం" అన్న గుర్తుని ప్రతి వెతుకులాటకీ చెరపరు. వెతుకులాటకొక నంబర్ ఇచ్చి, నోడ్ మీద ఆ నంబర్ వేస్తారు. నంబర్ పాతదైతే చూడనట్టే. ఫ్రీబీఎస్‌డీలో ఇదే పని చేసే విట్‌నెస్ మాత్రం మ్యాట్రిక్స్ పక్షమే. గడికొక బైట్, అందులో నేరుగా పేరెంటా, దూరపు పూర్వీకుడా అన్న గుర్తులు విడివిడిగా. ఏది మంచిదని తగువు అనవసరం, జాతుల లెక్కే తీర్పు చెబుతుంది.

బూట్‌లో చావు గురించి. కేఅలాక్ కేమెమ్ లాక్ తీసుకుంటుంది, ఎక్వైర్ (లాక్ తీసుకునే ఫంక్షన్) మీ చెకర్‌ని పిలుస్తుంది, చెకర్ కేఅలాక్‌ని పిలుస్తుంది, మళ్ళీ కేమెమ్. ఎక్స్‌వీ6లో ఒక్కో సీపీయూకి బూట్ స్టాక్ 4096 బైట్లే, కాబట్టి ఎంతోసేపు పట్టలేదు. ప్రాసెస్‌ల కెర్నెల్ స్టాక్ కూడా ఒక్క పేజీయే. రికర్సివ్ డీఎఫ్ఎస్‌ని, లోకల్ అర్రేలని ఆ ఒక్క పేజీలో నమ్మలేం. చెకర్‌కి కావలసిన మెమరీ అంతా స్టాటిక్‌గా, ముందే ఉండాలి. అది నిండిపోతే ఒక్క లైను ప్రింట్ చేసి చెకింగ్ పూర్తిగా ఆపేయాలి. నిండాక కూడా సగం సగం చూస్తూ నడిచే చెకర్ కన్నా ఆగిపోయినది నయం.

ప్రింట్‌ఎఫ్‌కీ లాక్ ఉందని మర్చిపోకండి. నేను మొదటిసారి ఇలాంటిది రాసినప్పుడు నా చెకర్ పట్టుకున్న మొట్టమొదటి "నేరస్తుడు" తన సొంత రిపోర్టే. రిపోర్టు ప్రింట్ చేయబోతే ప్రింట్ లాక్, దాని మీద మళ్ళీ తనిఖీ, మళ్ళీ రిపోర్టు. సాయంత్రం దాకా సీరియల్ కేబుల్‌ని అనుమానిస్తూ కూర్చున్నాను. సీపీయూకొక "చెకర్ లోపల ఉన్నాం" జెండా, గ్రాఫ్ తాళానికి తనిఖీ లేని మామూలు అటామిక్ స్వాప్, మొదటి రిపోర్టుకి ముందే చెకింగ్ ఆఫ్. ఈ మూడూ పెట్టుకోండి. లాక్‌డెప్ కూడా మొదటి రిపోర్టుతో తనని తాను ఆపేసుకుంటుంది.

చేతిలో ఉన్న లాక్‌ల జాబితాకి వద్దాం. మీరు దాన్ని ప్రాసెస్‌కి కట్టారు. ఎక్స్‌వీ6 షెడ్యూలర్ చూడండి. పీ-లాక్ తీసుకునేది షెడ్యూలర్, ఆ సమయానికి దానికి ప్రాసెస్ అంటూ ఏదీ లేదు. స్విచ్ అయ్యాక దాన్ని వదిలేది లేచిన ప్రాసెస్. మళ్ళీ పడుకునేటప్పుడు తీసుకునేది ప్రాసెస్, వదిలేది షెడ్యూలర్. అందుకే ఆ మెసేజ్‌ల వరద. ఎక్స్‌వీ6లో స్పిన్‌లాక్ పట్టుకున్నంతసేపూ ఇంటరప్ట్‌లు ఆఫ్. లాక్ యజమాని కూడా సీపీయూయే, ప్రాసెస్ కాదు. కాబట్టి స్పిన్‌లాక్‌ల జాబితా సీపీయూకి కట్టండి. స్లీప్‌లాక్‌ల యజమాని ప్రాసెస్, అది ఒక సీపీయూ మీద తీసుకుని ఇంకోదాని మీద వదలొచ్చు, కాబట్టి ఆ జాబితా ప్రాసెస్‌కి. తనిఖీ చేసేటప్పుడు రెండూ కలిపి 'చేతిలో' పదం కట్టుకోండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ లోపల ఉంటే మాత్రం ప్రాసెస్ జాబితా కలపొద్దు. లాక్‌డెప్ కూడా ఇంటరప్ట్‌లోకి వెళ్ళగానే వరసని కొత్తగా మొదలుపెడుతుంది.

లైనక్స్‌లో అన్నీ టాస్క్‌కే కడతారు, 48 లోతు దాకా. మరి వాళ్ళకి ఈ షెడ్యూలర్ చిక్కు లేదా? ఉంది. రన్‌క్యూ (నడవడానికి సిద్ధంగా ఉన్న టాస్క్‌ల క్యూ) లాక్‌ని పాత టాస్క్ తీసుకుంటే కొత్త టాస్క్ వదులుతుంది. అందుకని స్విచ్‌కి ముందు లాక్‌డెప్‌కి "వదిలేశాను" అని, స్విచ్ తర్వాత "తీసుకున్నాను" అని చెబుతారు. నిజంగా లాక్ చేతులు మారిందే గానీ ఎవరూ వదల్లేదు.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు, మీరూ చేసి ఉంటారు: ఆ జాబితాని స్టాక్ అనుకోవడం. ఎక్స్‌వీ6 స్లీప్ ఫంక్షన్లో నాలుగు లైన్లు చాలు. లోపలికి వచ్చేటప్పటికి చేతిలో ఒక లాక్ ఉంటుంది, ఉదాహరణకి పైప్ లాక్. ముందు పీ-లాక్ తీసుకుంటుంది, ఆ తర్వాతే పైప్ లాక్ వదులుతుంది. మొదట తీసుకున్నది మొదట పోయింది, పైది మిగిలింది. కాబట్టి మధ్యలోంచి తీసి, పైవాటిని కిందికి జరపాలి. 'చేతిలో' బిట్‌ని గుడ్డిగా ఆర్పకండి, అదే జాతి లాక్ ఇంకోటి జాబితాలో ఉండొచ్చు. జాబితా నుంచి మళ్ళీ లెక్కించుకోండి, ఉండేది నాలుగైదే. లాక్‌డెప్‌కి ఇక్కడ ఖర్చు ఎక్కువ. హ్యాష్ రోలింగ్ కాబట్టి మధ్యది తీసేస్తే దాని పైవాటన్నిటినీ మళ్ళీ తీసుకున్నట్టు నడపాలి. అందుకే ప్రతి ఎంట్రీలో దాని ముందటి హ్యాష్ విలువ దాచుకుంటుంది.

ప్రతి ఎడ్జ్‌కీ సాక్ష్యం దాచండి. ఆ వరస మొదటిసారి చూసినప్పుడు చేతిలో ఉన్న లాక్ ఎక్కడ తీసుకున్నారు, కొత్తది ఎక్కడ తీసుకుంటున్నారు, రెండు రిటర్న్ అడ్రసులు. 64కి 64 గళ్ళు, గడికి 16 బైట్లు, 64 కేబీ. ఎక్స్‌వీ6కి 128 ఎంబీ ఉంది, పిసినారితనం అక్కర్లేదు. "ప్రాక్, వెయిట్‌లాక్ మధ్య సైకిల్" అని మాత్రమే చెప్పే రిపోర్టు చదివి ఎవరూ ఏమీ దిద్దలేరు. ఉల్టా వరస మొదట ఎక్కడ చూశామో చెప్పాలి, ఎందుకంటే చాలాసార్లు తప్పు ఇప్పుడు దొరికిన చోట ఉండదు, అక్కడ ఉంటుంది.

పరీక్షించడానికి ఫోర్క్ (కొత్త ప్రాసెస్‌ని పుట్టించే ఫంక్షన్) మంచి చోటు. కొత్త ప్రాసెస్ లాక్ చేతిలో పెట్టుకుని ఫైళ్ళు, డైరెక్టరీ కాపీ చేసుకుంటుంది. తర్వాత ఆ లాక్ వదిలి, వెయిట్‌లాక్ తీసుకుని, తండ్రి ఎవరో రాసి, వెయిట్‌లాక్ వదిలి, మళ్ళీ ప్రాసెస్ లాక్ తీసుకుని రన్నబుల్ చేస్తుంది. మొదటిసారి చదివినవాళ్ళకి ఆ వదలడం, మళ్ళీ తీసుకోవడం దండగ పనిలా కనిపిస్తుంది. ఆ రెండు లైన్లూ తీసేయండి. ఒకే సీపీయూతో నడిపితే రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. రెండు మూడు సీపీయూలుంటే, ఒకటి ఫోర్క్‌లో కొత్త ప్రాసెస్ లాక్ పట్టుకుని వెయిట్‌లాక్ కోసం తిరుగుతుండగా, ఇంకోటి ఎగ్జిట్‌లో వెయిట్‌లాక్ పట్టుకుని వేకప్‌లోకి వెళ్తుంది. నిద్రలో ఉన్న ప్రాసెస్‌లని లేపే ఆ వేకప్, తనని పిలిచిన ప్రాసెస్‌ది తప్ప, టేబుల్‌లో ఉన్న ప్రతి ప్రాసెస్ లాక్‌నీ వరసగా తీసుకుంటుంది, ఆ కొత్తదానితో సహా. అక్కడ ముడి. అది ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలీదు. సరైన చెకర్ అయితే ఒకే సీపీయూ మీద, ఇనిట్ అనే మొట్టమొదటి ప్రాసెస్ మొదటిసారి ఫోర్క్ చేసి, బిడ్డ కోసం ఆగే వెయిట్‌లోకి వెళ్ళగానే చెప్పేస్తుంది. మీ కొత్త చెకర్‌తో ఇదొక్కటి నడిపి చూడండి.

ఇక ఐపుట్. ఐటేబుల్ (మెమరీలోని ఐనోడ్ల పట్టిక) స్పిన్‌లాక్ తీసుకుని, రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) 1 ఉండి, లింకులు లేకపోతే, ఆ స్పిన్‌లాక్ చేతిలో ఉండగానే ఐనోడ్ స్లీప్‌లాక్ తీసుకుంటుంది. అంటే ఐటేబుల్ ముందు, ఐనోడ్ తర్వాత. కానీ డైరెక్టరీలో పేరు వెతికేటప్పుడు డైరెక్టరీ ఐనోడ్ లాక్ చేతిలో ఉండగా ఐగెట్ ఐటేబుల్ లాక్ తీసుకుంటుంది. అంటే ఐనోడ్ ముందు, ఐటేబుల్ తర్వాత. సైకిల్ ఉన్న మాట నిజం, మీ చెకర్ అబద్ధం చెప్పలేదు. పైగా స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోగలిగే లాక్ తీసుకోవడం మామూలుగా అయితే అదే ఒక నేరం. మరి డెడ్‌లాక్ ఎందుకు రాదంటే, కారణం అక్కడి కామెంట్‌లోనే ఉంది. రిఫరెన్స్ ఒకటే, అది నాదే, కాబట్టి ఈ ఐనోడ్‌ని ఇంకెవరూ పట్టుకుని ఉండలేరు, ఈ లాక్ ఆగదు. జాతి గురించి ఆలోచించే చెకర్‌కి ఈ ఒక్క ఐనోడ్ ప్రత్యేకత కనపడదు. ఎక్స్‌వీ6 సరే, చెకర్ సరే, మధ్యలో చెప్పవలసిన మాట ఒకటి చెప్పలేదు.

ఆ మాట ఎలా చెప్పాలి? "ఐటేబుల్, ఐనోడ్ జంటని వదిలెయ్" అని మినహాయింపుల లిస్టు పెట్టకండి. అది పెడితే రేపు ఇంకెవరో నిజంగా తప్పు చేసినా కనపడదు. ఆ ఒక్క పిలుపుని ట్రైలాక్‌గా ప్రకటించండి. ట్రైలాక్ ఎప్పుడూ ఆగి ఎదురుచూడదు, కాబట్టి దానిలోకి వచ్చే ఎడ్జ్ వేయకూడదు. కానీ అది చేతిలోకి వచ్చాక ఇంకెవరైనా దాని కోసం ఆగొచ్చు, కాబట్టి దాని నుంచి బయటికి వెళ్ళే ఎడ్జ్‌లు వేయాలి. లాక్‌డెప్ నియమమూ ఇదే. అందుకే చేతిలో ఉన్న ప్రతి ఎంట్రీలో ట్రైలాక్ బిట్ ఒకటి ఉండాలి.

ఇది చేశాక కూడా మీకు ఇంకో రిపోర్టు వస్తుంది, ముందే చెబుతున్నాను. ఫోర్క్‌లో ప్రాసెస్ లాక్ చేతిలో ఉండగా ఐడూప్ (ఐనోడ్ రిఫరెన్స్ కౌంట్ పెంచే ఫంక్షన్) ఐటేబుల్ లాక్ తీసుకుంటుంది. ఐపుట్‌లో ఐటేబుల్ చేతిలో ఉండగా స్లీప్‌లాక్ లోపలి చిన్న స్పిన్‌లాక్ వస్తుంది. స్లీప్‌లాక్ వదిలేటప్పుడు ఆ చిన్న స్పిన్‌లాక్ చేతిలో ఉండగా వేకప్ ప్రాసెస్ లాక్‌లు తీసుకుంటుంది. ప్రాక్, ఐటేబుల్, లోపలి లాక్, మళ్ళీ ప్రాక్. మూడు వేర్వేరు ఫైళ్ళలో ఉన్న ఈ గొలుసుని కంటితో చదివి పట్టుకోవడం నా వల్ల కాదు. ఇక్కడ కూడా రక్షించేది అదే రిఫరెన్స్ కౌంట్ వాదన. ఆ ఐనోడ్‌ని ఇంకెవరూ వదులుతూ ఉండలేరు, కాబట్టి లోపలి లాక్ కోసం కూడా ఆగక్కర్లేదు. అంటే "ఆగదు" అన్న జెండా ఎక్వైర్‌స్లీప్‌కి ఇచ్చి, అది లోపలి స్పిన్‌లాక్ దాకా వెళ్ళాలి.

పిల్ల జాతుల గురించి ఒక మాట. అన్‌లింక్‌లో తల్లి డైరెక్టరీ ఐనోడ్ పట్టుకుని, తీసేయబోయే ఫైల్ ఐనోడ్ కూడా తీసుకుంటారు. రెండూ ఒకే జాతి. ఇంటిపేరు ఒకటైతే సంబంధం కుదరదనే పెద్దాయనలా చెకర్ అడ్డం తిరుగుతుంది. లైనక్స్‌లో దీనికి సబ్‌క్లాస్‌లు ఉన్నాయి, ఒక కీకి 8. కీ స్ట్రక్చర్‌లో 8 విడి బైట్ల అర్రే ఉంటుంది, ఒక్కో బైట్ అడ్రస్ ఒక్కో సబ్‌క్లాస్ గుర్తు. వీఎఫ్ఎస్‌లో (లైనక్స్‌లో ఫైల్ సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడి పొర) పేరెంట్, చైల్డ్ అని వాటికి పేర్లు కూడా ఉన్నాయి. మీరు ఐనోడ్-తల్లి, ఐనోడ్-బిడ్డ అని రెండు జాతి నంబర్లు ఇస్తే సరిపోతుంది.

కానీ ఈ మందు జాగ్రత్తగా వాడాలి. నా మొదటి ఉద్యోగంలో ఒక స్టోరేజ్ డ్రైవర్ మీద ఇలాంటి వార్నింగే వచ్చింది. రెండు కంట్రోలర్లు, ఒకే జాతి లాక్, ఒకటి పట్టుకుని రెండోది తీసుకుంటున్నాం. రిలీజ్ దగ్గరపడిన టెన్షన్లో, "ఫాల్స్ పాజిటివ్‌లే" అని నేనే రెండోదానికి సబ్‌క్లాస్ 1 తగిలించాను. వార్నింగ్ పోయింది. కొన్ని నెలల తర్వాత కస్టమర్ దగ్గర మెషీన్ నిలిచిపోయింది. రెండు కంట్రోలర్లూ ఒకేసారి ఒకదాని పని ఒకటి తీసుకోబోయాయి. ఒకటి తన లాక్ పట్టుకుని పక్కదాని కోసం, పక్కది తనది పట్టుకుని దీని కోసం. రెండింటి దృష్టిలోనూ ఎదుటిదే "రెండోది". చెకర్ మొదటి రోజే చెప్పింది, నోరు మూయించింది నేను. సబ్‌క్లాస్ అంటే అక్కడ నిజంగా ఒక వరస ఉండాలి, తల్లి తర్వాత బిడ్డ అనో, తక్కువ అడ్రస్ ముందు అనో. వరస లేనిచోట అది ఉత్త గుడ్డిగంత.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ, ఇప్పుడే పెట్టుకుంటే మంచిది. తనిఖీకి కావలసిన సమాచారాన్ని లాక్ స్ట్రక్చర్ ఫీల్డులతో కలిపేయకుండా, విడిగా ఒక చిన్న స్ట్రక్చర్ చేసి లాక్‌లో పొదగండి. లాక్‌డెప్‌లో అది లాక్‌డెప్ మ్యాప్. ఎందుకంటే లాక్ కాని లాక్‌లు ఉంటాయి. ఎక్స్‌వీ6 లాగ్‌లో (డిస్క్ మార్పులని ముందుగా రాసుకునే చోటు) ఫైల్ ఆపరేషన్‌ని మొదలుపెట్టే బిగిన్‌ఆప్ చూడండి. కమిట్ జరుగుతుంటే, లేదా లాగ్‌లో చోటు లేకపోతే నిద్రపోతుంది. అది పేరుకి లాక్ కాదు, గుణానికి లాకే. ఐనోడ్ లాక్ పట్టుకుని ఎవరైనా బిగిన్‌ఆప్ పిలిస్తే, చోటు ఖాళీ చేయాల్సిన ఇంకో ఆపరేషన్ ఆ ఐనోడ్ కోసమే ఆగి ఉండొచ్చు. మీ చెకర్ స్పిన్‌లాక్‌లనీ స్లీప్‌లాక్‌లనీ మాత్రమే చూస్తే ఇది ఎప్పటికీ కనపడదు. "ట్రాన్సాక్షన్" అని ఒక ఉత్త మ్యాప్ పెట్టి, బిగిన్‌ఆప్‌లో తీసుకున్నట్టు, ఎండ్‌ఆప్‌లో వదిలినట్టు చెప్పండి. లైనక్స్ ఫైల్ సిస్టమ్ జర్నల్ జేబీడీ2లోనూ, వర్క్‌క్యూ ఫ్లష్‌లోనూ (క్యూలో వేసిన పనులు అయ్యేదాకా ఆగడం) చేసేది ఇదే.

ఇంటరప్ట్ బిట్లు, అంటే "ఈ లాక్‌ని ఇంటరప్ట్‌లో వాడారా, ఇంటరప్ట్‌లు ఆన్‌లో ఉండగా పట్టుకున్నారా" అన్న లెక్కలు, లాక్‌డెప్‌లో పెద్ద భాగం. మీకు అక్కర్లేదు, ఎక్స్‌వీ6 ప్రతి స్పిన్‌లాక్‌కీ ఇంటరప్ట్‌లు ఆపేస్తుంది. రీడ్-రైట్ లాక్‌లు లేవు కాబట్టి ఆ గొడవా లేదు. లైనక్స్‌లో రికర్సివ్ రీడ్ లాక్‌ల కోసం 2020లో ఎడ్జ్‌లనే నాలుగు రకాలు చేయాల్సి వచ్చింది. లాక్‌డెప్ డాక్యుమెంట్లలో ఆ పేజీలు చూసి కంగారుపడకండి.

ముందు మాక్రోతో కీలు, తర్వాత సీపీయూ జాబితా, తర్వాత 'ముందు' పదాలు, ఈ వరసలో మార్చండి. ఫోర్క్‌లో ఆ రెండు లైన్లు తీసి నడపండి, తిరిగి పెట్టి ఎక్స్‌వీ6 పరీక్షల ప్రోగ్రామ్ యూజర్‌టెస్ట్స్ మొత్తం నడపండి. ఐపుట్ జెండా పెట్టాక కూడా సైకిల్ వస్తే, ఎడ్జ్‌ల రిటర్న్ అడ్రసులతో సహా రిపోర్టు పెట్టండి, చూద్దాం.